మంచినీళ్ళ డ్రమ్ము పక్కన

ఆ ఏడు మార్చి నెలాఖరున మా ఆయన మడమ వెనక నరం తెగింది. తెగినప్పుడు నేను అక్కడ లేను. నాచారంలో మా ఇంట్లో, పదో తరగతి పరీక్షల డ్యూటీకి ఆలస్యమవుతుందని హడావుడిగా చీర కట్టుకుంటున్నాను. ఆయనా, మా అమ్మాయి సంతోషీ రోజూలాగే తెల్లవారగానే స్కూటరు మీద ఆయన ఆఫీసు క్వార్టర్స్‌కి వెళ్ళారు. ఉప్పల్ రోడ్డులో ఒక పరిశోధన సంస్థలో, భూకంపాల్ని కొలిచే పరికరాల విభాగంలో ఉద్యోగం ఆయనది. అక్కడ స్టాఫ్ క్లబ్బు వెనక ఒక మట్టి కోర్టు ఉంది. మా సంతోషి ఏడేళ్ళప్పుడు ఆ కోర్టు మీదే రాకెట్ పట్టింది. పంతొమ్మిదేళ్ళకు టెన్నిస్‌లో జాతీయ ఛాంపియన్ అయి, పేపర్లో ఫొటో పడ్డాక కూడా, ఊళ్ళో ఉందంటే దాని పొద్దు ఆ కోర్టులోనే మొదలయ్యేది. నేర్పేది వాళ్ళ నాన్నే. వేరే గురువు లేడు.

ఆ రోజు సంతోషి నెట్‌కి దగ్గరగా చిన్న బంతి వదిలిందట. ఆయన దానికోసం ముందుకు ఉరికాడట. యాభైకి దగ్గర పడిన మనిషి. వెనకనుంచి ఎవరో రాయి విసిరి కాలి మీద కొట్టినట్టయిందట. కోపంగా వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. అప్పుడు కింద పడ్డాడు.

తార్నాకలో ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి, వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి దాకా పట్టీ వేశారు. మత్తు దిగగానే ఆయన డాక్టర్ని అడిగిన మొదటి మాట ఇది.

"నెల రోజులల్ల పుణె పోవాలె సార్. బిడ్డకు టోర్నమెంట్ ఉంది. పోవచ్చునా?"

"నెల గడిచేసరికి మీరు ఎవరి సాయం లేకుండ బాత్రూముకు పోతే, నాకు అదే సంతోషం" అన్నాడు డాక్టరు.

ఇంటికి తెచ్చిన సాయంత్రమే అంబర్‌పేట నుంచి మా ఆడబిడ్డ సారలమ్మ బట్టల సంచీతో దిగింది. మా ఆయనకు ఆమె అక్క. తల్లి లేని ఇంట్లో ఆయన్ని పెంచింది ఆమే కాబట్టి ఆయన్ని ఏమైనా అనే హక్కు ఆమెకు ఉంది.

"గంత పెద్ద పిల్లతోని పోటీకి ఉరుకుతవా తమ్మీ? నీ ఈడేంది, నువ్వు జేసే పనేంది?" అంటూ మంచం పక్కన కూర్చుంది. మళ్ళీ జూన్ దాకా లేవలేదు. ఆ వేసవి ఇల్లు నడిపింది ఆమే.

అసలు సమస్య కాలు కాదు. ఏప్రిల్ చివర నుంచి వరుసగా నాలుగు ఊళ్ళలో అంతర్జాతీయ టోర్నమెంట్లు ఉన్నాయి. చిన్నవే. కాని ప్రపంచ ర్యాంకు పైకి పోవాలంటే ఆ మెట్లు ఎక్కాల్సిందే. ఏడాదిగా సంతోషి ర్యాంకు ఉన్నచోటనే ఉంది. దేశంలో గెలుస్తోంది, బయటివాళ్ళు వస్తే మొదటి రోజో రెండో రోజో ఓడి రైలెక్కుతోంది. అది ఆడే ప్రతి ఆటకీ వాళ్ళ నాన్న వెంట ఉండేవాడు. ఒంటరిగా పంపడం ఆయనకు ఇష్టం లేదు.

"భూషణం సారును అడుగుదాం" అన్నాడు ఆయన, దిండుకు ఆనుకుని. భూషణం గారు సికింద్రాబాద్‌లో పేరున్న కోచ్.

సంతోషి గోడకు ఆనుకుని తన చేతి వేళ్ళకున్న టేపు ఊడదీసుకుంటోంది.

"నేను పోత" అన్నాను.

మా ఆయన నవ్వాడు. వెటకారంగా కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. "పోయి ఏం జేస్తవ్ రత్నా? నీకు ఆట తెల్వదు గదా."

నిజమే. నేను నాచారం సర్కారు బడిలో తెలుగు టీచర్ని. పన్నెండేళ్ళు మా ఇంట్లో భోజనాల దగ్గర బంతి ఎంత ఎత్తు విసరాలి, మణికట్టు ఎప్పుడు తిప్పాలి అని వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే, నేను పప్పుగిన్నె ఇటునుంచి అటు జరుపుతూ ఉండేదాన్ని. అందులో బాధేమీ లేదు. కొన్ని ఇళ్ళల్లో తండ్రీకొడుకులు వ్యాపారం మాట్లాడుకుంటారు, ఇదీ అంతే అనుకున్నాను.

"అన్నం తినిపిస్త. తోడుంట. నాకు బడి సెలవులే గదా."

"అంత మాత్రం చాలదు."

"అమ్మను రానీ నాన్న" అంది సంతోషి. ఆ రోజు దాని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

ఆ తర్వాత బయల్దేరే దాకా ఆయన నాకు పాఠం చెప్పాడు. ఆడేటప్పుడు అది మడమల మీద నిలబడుతోందా, వేళ్ళ మీద ఉందా చూడాలట. సర్వీసు చేసేటప్పుడు తల ముందే దించేస్తోందా చూడాలట. అన్నిటికంటే ముఖ్యం, నేను ఎక్కడ కూర్చోవాలన్నది.

"గీత వెనక, సరిగ్గ నడిమిట్ల కూర్చో. అది తలెత్తంగనే నువ్వు కనపడాలె. మాట్లాడొద్దు, సైగ చెయ్యొద్దు, అది రూలు కాదు. ఊరికె కనపడితే చాలు. దానికి ధైర్యముంటది."

సరేనన్నాను.

పుణెలో ఆయన చెప్పినట్టే కూర్చున్నాను. సంతోషి ఆటని అంత దగ్గరగా, మొదటినుంచి చివరిదాకా చూడటం నాకు అదే మొదలు. బంతి గురించి నాకేం తెలియలేదు కాని, ఒకటి మాత్రం కొద్దిసేపట్లోనే తెలిసింది. తప్పు చేసిన ప్రతిసారీ అది తలెత్తి నావైపు చూస్తోంది. నావైపు అంటే, వాళ్ళ నాన్న కూర్చునే చోటువైపు. ఆ చూపు నాకు కొత్త కాదు. పరీక్ష హాల్లో జవాబు మీద నమ్మకం లేని పిల్లలు తలెత్తి అట్లాగే చూస్తారు, మన ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని. హాల్లో నేనైతే కిటికీలోంచి బయటికి చూస్తాను. ఇక్కడ ఏ ముఖం పెట్టాలో తెలియక నవ్వాను. బహుశా నవ్వకూడని చోట నవ్వాను. గంట తిరగకముందే ఓడిపోయింది.

సాయంత్రం హోటల్ కింద ఎస్టీడీ బూతునుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"ఓడిపోయింది" అన్నాను.

"ఎట్ల?"

"మంచిగనే ఆడింది. అవతలి పిల్ల ఇంకా మంచిగ ఆడింది."

"గట్ల కాదు రత్నా. బ్యాక్‌హ్యాండ్ ఎట్లున్నది? సర్వీసులు పడ్డయా?"

"కొన్ని పడ్డయి."

"ఎన్ని?"

"లెక్కపెట్టలే."

అవతల సారలమ్మ వదిన గొంతు దూరంనుంచి వినిపించింది. "పిల్ల ఏమన్న తిన్నదా అడుగు ముందుగల."

"ఫోన్ దానికియ్యి" అన్నాడు ఆయన.

సంతోషి బూతు అద్దం బయట నిలబడి ఉంది. నేను రిసీవర్ చూపిస్తే వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"అలసిపోయి ఉన్నది. రేపు మాట్లాడుతదట" అని పెట్టేశాను.

ఇద్దరం పక్క వీధిలో ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. మిసళ్ తెప్పించాను, కారం పులుసులో మొలకలు, పక్కన పావ్ రొట్టె. దాని ప్లేటులో ఉల్లిపాయ ముక్కలు వేసి, నిమ్మకాయ పిండాను. తింటూ తింటూ సంతోషి ఆగింది.

"అమ్మా, ఏం అడగవా?"

"ఏం అడగాలె?"

"ఎందుకు ఓడిపోయిన్నో."

"నువ్వు చెప్పినా నాకు సమజ్ కాదు గదనే."

అది నవ్వింది. నవ్వి, చేతిలో ఉన్న పావ్ ముక్క ప్లేటులో పెట్టేసింది.

"నాన్నకు చెప్పకు. నేను ఈ ఎండకాలం ఆడి మానేద్దామనుకుంటున్న. డిగ్రీ పూర్తి చేస్త. ఏదన్న కంపెనీల స్పోర్ట్స్ కోటా కింద ఉద్యోగం ఇస్తరు. చాలమ్మా నాకు."

"ఎప్పట్నుంచి అనుకుంటున్నవ్?"

"దసరా నుంచి."

అంటే జాతీయ ఛాంపియన్ కాకముందునుంచే. మానేద్దామనుకుంటూనే గెలిచింది, మానేద్దామనుకుంటూనే కప్పు పట్టుకుని ఫొటో దిగింది. ఆ ఫొటో మా డ్రాయింగ్ రూములో టీవీ మీద ఉంది. దాంట్లో నవ్వుతూనే ఉంటుంది.

వద్దనడానికి నాకు ఆట తెలియదు, సరేననడానికి అది నా నిర్ణయం కాదు. చివరికి నాకు తోచిన మాటే అన్నాను.

"సరే. ఇంక మూడు ఊర్లున్నయి. పేరు ఇచ్చినం గదా, తిరిగొద్దాం. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం. నువ్వు పుణె ఇంతకు ముందు చూసినవా?"

"నాలుగుసార్లు వచ్చినమ్మా. స్టేషన్, హోటల్, కోర్టు. అంతే చూసిన."

మర్నాడు ఇద్దరం బస్సెక్కి సింహగఢ్ కొండకు పోయాం. సంతోషి నాకంటే ముందు ఎక్కి, మలుపు దగ్గర ఆగి నాకోసం చూసేది. పైన ఒక ముసలమ్మ దగ్గర చాప మీద కూర్చుని జొన్న రొట్టె, శనగపిండి కూర తిన్నాం. మట్టి చిప్పల్లో గడ్డపెరుగు తిన్నాం. చుట్టూ గాలి. సంతోషి నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఎప్పుడో ఒకటో తరగతిలో ఉన్నప్పుడు పడుకునేది అట్లా.

ఇండోర్‌లో మొదటి ఆటకి పోయేముందు నేను బాగా ఆలోచించుకున్నాను. మా ఆయన చెప్పిన చోట కుర్చీ ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చోలేదు. కోర్టు మూల, స్కోరు బోర్డు వెనక, ఆడేవాళ్ళ కోసం పెట్టిన మంచినీళ్ళ డ్రమ్ము ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను. అక్కడినుంచి బోర్డుకూ కంచెకూ మధ్య సందులోంచి నాకు కోర్టు కనపడుతుంది. కోర్టులో ఉన్నవాళ్ళకు నేను కనపడను.

మొదటి సెట్టులో తప్పు చేసిన ప్రతిసారీ సంతోషి తలెత్తి వెతికింది. ఖాళీ కుర్చీ చూసి, అటూ ఇటూ చూసి, మళ్ళీ ఆడింది. ఆ సెట్టు పోగొట్టుకుంది. నేను తప్పు చేశానేమో అనిపించింది. లేచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుందామా అని సగం లేచాను కూడా. బంతులు అందించే మనిషి నీళ్ళకోసం వచ్చి అడ్డం నిలబడ్డాడు. కూర్చుండిపోయాను.

రెండో సెట్టు మధ్యలో ఎక్కడో అది వెతకడం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు, మానేశాక గమనించాను. మూడో సెట్టులో తేలికైన బంతి ఒకటి నెట్‌కి కొట్టింది. కొట్టి, రాకెట్ వంక చూసి, తనలో తనే నవ్వుకుంది. కోర్టులో అది నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆట గెలిచి, నీళ్ళకోసం నేరుగా డ్రమ్ము దగ్గరికే వచ్చింది.

"ఇక్కడున్నవా? నువ్వు రాలేదేమో అనుకున్న."

"ఎండకు ఆగలేక ఇక్కడ కూర్చున్ననే. నీడున్నది."

గ్లాసెడు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు నెత్తిన పోసుకుంది. నన్ను కాసేపు చూసింది. ఎండ సంగతి అది నమ్మలేదని నాకు తెలిసింది.

"రేపు గూడ ఇక్కడనే కూర్చో" అంది.

ఇండోర్‌లో సెమీఫైనల్ దాకా పోయింది. సాయంత్రాలు సరాఫా బజారులో మొక్కజొన్న తురుముతో చేసిన కూర ఏదో తినేవాళ్ళం, మొదట్లో ఎవరూ ఆట ఊసెత్తకుండా. పోను పోను నేను అడగకపోయినా అదే చెప్పడం మొదలుపెట్టింది. "ఇయ్యాళ ఆ పిల్ల సర్వీసు చేసేటప్పుడు నేను ఒక అడుగు వెనకకు నిలవడ్డ, చూసినవా?" అనేది. చూశానో లేదో చెప్పేదాన్ని. కొన్ని చూశాను కూడా.

అహ్మదాబాద్‌లో ఎండకు కోర్టు మీద చెప్పుల్లోంచి కూడా కాళ్ళు కాలేవి. తువ్వాల్లో మంచు ముక్కలు చుట్టి మధ్యమధ్య విరామాల్లో మెడమీద వేసుకుంటూ ఆడింది. ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన ఒక పొడుగాటి అమ్మాయి. అప్పటికి లెక్క ఎట్లా వేస్తారో నాకు తెలిసిపోయింది. అందుకే చివరి ఆటలో చూడలేక డ్రమ్ము మీది మూత వంక చూస్తూ కూర్చున్నాను. చప్పట్లు వినిపించాయి. తలెత్తేసరికి ఇద్దరూ నెట్ దగ్గర చేతులు కలుపుతున్నారు. సంతోషి మొహం చూసి తెలుసుకున్నాను. విదేశీయుల మధ్య అది గెలిచిన మొదటి టైటిల్ అదే.

ఫోన్లో మా ఆయన రెండుసార్లు స్కోరు చెప్పించుకుని, "ఫైనల్ల బ్యాక్‌హ్యాండ్ ఎట్ల పడ్డది?" అని అడిగాడు. రిసీవర్ సంతోషికి ఇచ్చాను.

"మంచిగనే పడ్డయి నాన్న" అంది అది. "కొన్ని పడలే."

ఇంటికి వచ్చేసరికి పట్టీ విప్పేశారు. కాలు సన్నబడి, పాలిపోయి ఉంది. ఊతకర్ర పట్టుకుని గేటు దాకా వచ్చి నిలబడ్డాడు ఆయన. పక్కింటివాళ్ళు, మా బడి టీచర్లు, క్వార్టర్స్ నుంచి ఆయన స్నేహితులు వచ్చిపోయారు. సారలమ్మ వదిన అందరికీ చాయ్ ఇస్తూ, "మా రత్న పోయింది, గెల్సుకొచ్చిండ్రు" అని చెప్పేది. ఆయన ముందే చెప్పేది. నేను వంటింట్లోకి పోయేదాన్ని.

మిగిలింది ఢిల్లీ. నాలుగింటిలోకి పెద్దది. బయల్దేరడానికి వారం ముందు, ముందు గదిలో గోనెపట్టా పరుచుకుని మేం ముగ్గురం తొక్కుకు మామిడికాయ కొడుతున్నాం. వదిన కత్తిపీట మీద కాయ కొడుతోంది. నేను జీడి తీస్తున్నాను. సంతోషి ఒక్కొక్క ముక్కా బట్టతో తుడుస్తోంది. మా ఆయన బయటినుంచి వచ్చి, కర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏపీ ఎక్స్‌ప్రెస్ దొరికింది. రెండు బెర్తులు" అన్నాడు. "సెలవు గూడ పెట్టిన."

సంతోషి చేతిలో ముక్క తుడవడం ఆపలేదు. "రెండు ఎవరెవరికి నాన్న?"

"నీకు, నాకు."

ఆ ముక్క బేసిన్లో వేసి, ఇంకోటి తీసుకుంది.

"అమ్మను రానీ నాన్న."

"ఫికర్ జెయ్యకు. కాలు మంచిగైంది. మెల్లగ పోవచ్చన్నడు డాక్టరు."

"కాలు గురించి కాదు."

వదిన కత్తిపీట మీద చెయ్యి ఆపింది. నేను జీడి తీస్తూనే ఉన్నాను, తలెత్తితే ఎవరి ముఖం చూడాలో తెలియక.

"అమ్మ ఏం చెప్తది నీకు?" అని అడిగాడు ఆయన. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"ఏం చెప్పదు."

ఇంకా ఏదో చెబుతుందని ఆయన ఎదురు చూశాడు. సంతోషి తలెత్తి ఆయన్ని చూసింది. దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి గాని చేతిలో ముక్క తుడుస్తూనే ఉంది. వీధిలో గ్యాస్ బండివాడు సిలిండర్ల మీద రెంచితో కొట్టుకుంటూ పోయాడు.

"అయితే టికెట్ మీద పేరు మార్పియ్యాలె" అన్నాడు మా ఆయన. "ఇంట్ల మనిషికే అయితే మారుస్తరు. రేషన్ కార్డు చూపియ్యాలనుకుంట. యాడున్నది రత్నా?"

"బీరువల" అన్నాను.

తనే తెచ్చుకున్నాడు. ఎండ తగ్గాక పొమ్మని వదిన అంటున్నా వినలేదు. కర్ర పట్టుకుని నాచారం చౌరస్తా దాకా నడిచి, బస్సెక్కి సికింద్రాబాద్ పోయి, పేరు మార్పించుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వేం జేసినవ్ రత్నా?"

"ఏం జెయ్యలే. కనపడకుండ కూర్చున్న."

కింద గల్లీలో ఎవరో స్కూటరు కడుగుతున్నారు. ఆ నీళ్ళు మోరీ దాకా పారేవరకు ఇద్దరం అటే చూస్తూ ఉన్నాం.

"నేను కనపడేటట్టు కూర్చునేటోన్ని" అన్నాడు.

"దానికి ధైర్యమని కూర్చున్నరు. చిన్నప్పుడు ధైర్యమే అయి ఉంటది."

"మానేస్తనన్నదా నీతోని?"

నేను బట్టలు మడత పెట్టడం ఆపి ఆయన వంక చూశాను. సంతోషి చెప్పొద్దంది కాబట్టి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

"నాకు చలికాలంలనే అనిపించింది" అన్నాడు. "అడిగితె అవునంటదని అడగలే."

నా చేతిలోంచి దుప్పటి రెండు చివరలు తీసుకుని, నాతోపాటు మడత పెట్టాడు.

ఢిల్లీలో సంతోషి ఫైనల్లో ఓడిపోయింది. ఓడి, బాగా తిని, చాందినీ చౌక్‌లో నాకు గాజులు కొనిపెట్టింది. మానేసే మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. జూన్‌లో నాకు బడి తెరిచారు. అప్పుడు ఎవరు తోడు పోవాలన్న మాట మళ్ళీ వచ్చింది. "నేనే పోతనమ్మా" అంది. బేగంపేట విమానాశ్రయం నుంచి బ్యాంకాక్‌కు ఒంటరిగా పోయింది. ఆ రాత్రి మేమిద్దరం సరిగ్గా పడుకోలేదు, ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆడింది. ఇంకో రెండుసార్లు జాతీయ ఛాంపియన్ అయింది, దేశం తరఫున ఆడింది. మధ్యలో పెళ్ళి చేసుకుంది, మహిపాల్ అని, నారపల్లి అబ్బాయి, ఫిజియోథెరపిస్టు. తెలంగాణ వచ్చే ముందు ఏడు, కడుపుతో ఉన్నప్పుడు, ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి భోజనం చేసి, "ఇంక చాలు, ఆపేస్తున్న" అని చెప్పింది. ఆ మాటకి మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, దాని తలమీద చెయ్యి పెట్టాడు. అంతే. పేపర్లవాళ్ళు వచ్చినప్పుడు సంతోషి ఇప్పటికీ నాన్నే గురువని చెబుతుంది. నిజమే కదా. నేను దానికి నేర్పినదేమీ లేదు.

కాని ఆ వేసవి మా ఇంట్లో ముగిసింది ఢిల్లీతోనో బ్యాంకాక్‌తోనో కాదు. అదే ఏడు ఆగస్టులో ఒక రోజు మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "అండమాన్ పోతున్న. ఆర్నెల్లు" అన్నాడు. అంతకుముందు డిసెంబర్లో సునామీ వచ్చి సముద్రం పొంగింది. ఆ దీవుల కింద నేల ఇంకా కదులుతూనే ఉందట. అక్కడ పరికరాలు పెట్టి కొలవడానికి ఆయన విభాగం వాళ్ళు బృందాలు పంపుతున్నారు. జనవరిలోనే ఆయన్ని రమ్మన్నారట. సంతోషి టోర్నమెంట్లున్నాయని కాదన్నాడట. అంతకుముందు లడఖ్‌కి, కచ్‌కి కూడా కాదన్నాడట. ఏవీ నాకు చెప్పలేదు. పన్నెండేళ్ళుగా మనిషి ఉప్పల్ రోడ్డు దాటి ఎక్కడికీ పోలేదు, పోయింది కోర్టులకే.

బయల్దేరే రోజు సంతోషి రెండు టోర్నమెంట్ల మధ్య ఇంట్లో ఉంది. ముగ్గురం సికింద్రాబాద్ స్టేషన్‌కి పోయాం. చెన్నైకి రైలు, అక్కడినుంచి ఓడ. ఆయన సామాను సంతోషే మోసింది. సీటు కింద పెట్టి, గొలుసు వేసి, తాళంచెవి ఆయన జేబులో వేసింది. కిందికి దిగి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. కాలికి చేయాల్సిన కసరత్తు ఓడలో కూడా మానొద్దని చెప్పింది. ఆయన సరేనన్నాడు.

రైలు కదలడానికి ఇంకా కొంచెం టైము ఉంది. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగాడు.

"సంతోషీ, ఒక్కదానివి పోయినప్పుడు భయమైతదా?"

పన్నెండేళ్ళలో ఆయన దాన్ని ఎన్నో అడిగాడు. తనకు జవాబు తెలియనిది అడగడం ఆ మామిడికాయల రోజు తప్ప నేను వినలేదు. సంతోషి గుర్తు తెచ్చుకుని చెప్పింది.

"మొదటి రోజు అయితది నాన్న. గదిల తలుపేసుకుని కూర్చుంటె అయితది. అందుకె బ్యాగు పెట్టంగనే బయటికొచ్చెయ్యి. ఊరు తిరుగు. చాయ్ యాడ మంచిగుంటదో చూసుకో. చాయ్ హోటలాయన గుర్తుపట్టిండంటె సగం భయం పోతది."

"ఇంక?"

"ఫోన్ పొద్దటి పూట చెయ్యి. రాత్రి చేస్తె ఇల్లు యాదికొస్తది, నిద్ర రాదు."

"ఇంక?"

"అంతే నాన్న. మూడో రోజుకు అలవాటైతది."

రైలు కదిలింది. సంతోషి కిటికీతోపాటు కొన్ని అడుగులు నడిచి ఆగింది. మా ఆయన చెయ్యి ఊపలేదు. ఊచల వెనక ఆయన పెదవులు కదులుతున్నాయి, అది చెప్పినవి ఒక్కొక్కటే మనసులో అప్పజెప్పుకుంటున్నట్టు.